కాలువ పక్క చేను

చిరంజీవి స్తుతికి,

నాన్న దీవెనలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మిరప మొదటి కోత అయింది, కాయలు కల్లంలో ఆరుతున్నాయి. నీ ఒంట్లో ఎలా ఉందో రాయలేదు. రాయి.

"గుంటూరు ఆస్పత్రిలో కొత్త మందో పాత మందో చీటీ తీస్తామంటే ఎలా ఒప్పుకున్నారు నాన్నా? అమ్మకు పాతదే పడి ఉంటే?" అని అడిగావు. అదే జబ్బున్న కోటేశ్వరి అత్తను ఆ పరిశోధనలోకి ఎందుకు తీసుకోలేదనీ అడిగావు. అత్తకు గుండె బలహీనం. ఆమెకేదైనా జరిగితే మందు వల్లో, గుండె వల్లో తేలదు. అందుకే ఎలాంటివాళ్ళను తీసుకోవాలో ముందే నిర్ణయించుకుంటారు.

ఇక చీటీ సంగతి. ఆ ముందటేడు కొత్త మిరప విత్తనం కాలువ పక్క చేలో, పాతది మెట్ట చేలో వేశాను. కొత్తది విరగ్గాసింది. ఊరంతా చెప్పుకున్నాను. మీ అమ్మ తాలుకాయలు ఏరుతూ, "అది ఇత్తనం గొప్పా, కాలవ నీళ్ళ గొప్పా అండీ?" అంది.

డాక్టరు చీటీ ఎందుకో చెబుతుంటే ఆమెకు ఆ చేనే గుర్తొచ్చింది. చీటీ లేకపోతే కాస్త గట్టిగా ఉన్నవాళ్ళకే కొత్త మందు వెళ్తుంది. కోలుకుంటే మందును పొగుడుతారు.

మీ శ్యామ్ మావయ్య ఊరుకోలేదు. "అక్కా, లోపల మనోడున్నాడు. ఒక్క ఫోను చాలు, కొత్త మందులో ఏయిస్తా."

"ఏరా, నన్నటు తోసి ఎవర్నిటు లాగుతావ్? సినిమా టిక్కెట్టనుకున్నావా?"

సంతకం చేసింది. ఏ మందు పడిందో ఆమెకూ, మాకూ, డాక్టరుకూ కూడా తెలియదు.

అన్ని వందలమంది ఎందుకన్నావు. మందు చేసే మేలు కొంచెమే అయితే కొద్దిమందిలో కనబడదు. నాలుగు మొక్కలు చూసి చేను దిగుబడి చెప్పలేం.

ఇంతవరకూ ఆపుకున్న మాట ఇది. పరిశోధన ముగిసింది. పాతదానికంటే కొత్త మందు మేలని తేలిందట. ఎవరికి ఏది ఇచ్చారో అడిగితే చెబుతామన్నారు. నీతో చెప్పకుండానే వెళ్ళాను.

అమ్మకు కొత్త మందే పడింది.

మావయ్య ఫోను చేసినా అదే వచ్చేది. చీటీని తిట్టుకోకు. ఆ మందు మంచిదే. అమ్మ ఒక్కతి దక్కలేదని దాన్ని కాదనలేం. ఇది నాకు అర్థమవుతుంది. ఒక్కడికి అన్నం వండుకునేటప్పుడు మాత్రం అర్థం కాదు.

ఈ ఏడు నాట్లప్పుడు రెండు చేలనూ ముక్కలు చేసి, ఏ ముక్కకు ఏ విత్తనమో చీటీలు తీశాను. కూలీలు నవ్వారు. కాలువకు ఆనుకున్న ముక్కకు పాత విత్తనం వచ్చింది. మార్చాలనిపించింది. మార్చలేదు.

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే
నాన్న