విప్పకూడని కవరు విప్పినందుకు

శ్రీయుత రిజిస్ట్రారుగారి సముఖమునకు,
కమ్యూనిటీ కాలేజీ, తుతుయిలా ద్వీపం.

అయ్యా,

విషయం: నా కుమార్తె వలాసి పూర్వం చదివిన కాలేజీ క్రెడిట్లను తమ కాలేజీకి బదిలీ చేయుట గురించి, సీలు వేసిన కవరును విప్పించినది ఆమె కాదు, నేనే అని ఒప్పుకొనుట గురించి.

లియోనే గ్రామ నివాసిని, చర్చి పెద్దలలో ఒకడిని, ఎనిమిదో తరగతి వరకు చదివినవాడిని, ఇయాకోపో అను నేను సిగ్గుతో తల వంచి తమకు విన్నవించుకొనునది:

1. నా కూతురు వలాసి తమ కాలేజీలో నర్సు చదువుకు దరఖాస్తు పెట్టుకున్నది. ఈ వాక్యాన్ని నేను చిత్తుకాగితం మీద రెండుసార్లు రాసుకొని చదువుకున్నాను, అవసరం లేకపోయినా. వలాసికి నలభై దాటాయి. చిన్నప్పుడు హొనొలులూలో ఒక చిన్న చర్చి కాలేజీలో రెండేళ్ళు చదివింది. నా తల్లి మంచాన పడితే చూసుకోవడానికి వచ్చి, ఆవిడ పోయాక చేపల డబ్బాల ఫ్యాక్టరీలో చేరింది. అప్పటినుంచీ ట్యూనా చేపల తోలు ఒలుస్తూనే ఉన్నది. చదువు మాట ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు, అదీ ఎత్తలేదు. ఈ ఏడు ఒక సాయంత్రం రబ్బరు బూట్లు విప్పుకుంటూ, "నాన్నా, నర్సు చదువుకు అప్లికేషన్ పెట్టాను" అన్నది, ఉప్పు అయిపోయింది అన్నట్టుగా. నేను లేచి బయటికి వెళ్ళి సీమపనస చెట్టు కింద కాసేపు నిలబడి వచ్చాను. మగవాడు ఇంట్లో ఏడిస్తే బాగుండదని.

2. తమ కార్యాలయం వారు పాత చదువుకు క్రెడిట్లు ఇవ్వాలంటే పాత కాలేజీ మార్కుల పత్రం సీలు కవరులో రావాలన్నారు. ఆ కాలేజీ మూతపడి చాలా కాలమైనది. దాని కాగితాలు హవాయిలో ఒక ప్రభుత్వ గోదాములో ఉన్నవి. ఆ గోదాము వారు కాగితమే పంపుతారు, కంప్యూటరులో పంపరు, కాగితానికి నెలలు తీసుకుంటారు. వలాసి అన్నీ రాసి, అడిగి, మళ్ళీ అడిగి తెప్పించుకున్నది.

3. మా ఊళ్ళో ఇంటికి ఉత్తరాలు రావని తమకు తెలియనిది కాదు. పోస్టాఫీసులో మా కుటుంబం అందరికీ కలిపి ఒకే పెట్టె, అది నా పేరు మీద, తాళంచెవి నా మెడలో. ఆ కవరు నా చేతికి వచ్చింది. దళసరి కవరు. మూత మీద అడ్డంగా బంగారు రంగు ముద్ర, ముద్ర కింద ఎర్ర అక్షరాలు. తెరిస్తే చెల్లదు అని ఇంగ్లీషులో రాసి ఉన్నదని తరువాత తెలిసింది. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు, నెమ్మదిగా. కాని సంతోషంలో ఉన్నప్పుడు రాదు. నేను ఆ బంగారు ముద్రను మాత్రమే చూశాను. కవరు మీద నా బిడ్డ పేరు ఉన్నది.

అది శనివారం. వలాసి రాత్రి షిఫ్టులో ఉన్నది. తెల్లవారి అది ఫ్యాక్టరీ నుంచి తిన్నగా చర్చికి వచ్చి పాటల బృందంలో నిలబడింది. నేను కవరును చొక్కా లోపల పెట్టుకొని వెళ్ళాను.

అయ్యా, మన చర్చిలో కవరు ఎందుకు ఇస్తాము? విప్పి చదవడానికే కదా. ప్రతి ఆదివారం ప్రతి కుటుంబం కానుక కవరు ఇస్తుంది. సెక్రటరీ మనూ నిలబడి ఒక్కొక్కటి విప్పి, పేరూ కానుకా గట్టిగా చదువుతాడు. చదవని కవరు మా ఊళ్ళో ఇవ్వని కవరుతో సమానం. నేను పుట్టినప్పటినుంచీ కవరు అంటే అదే. కాబట్టి నా కానుక కవరు కింద దీనిని కూడా పెట్టి ఇచ్చాను. ఇచ్చేటప్పుడు మనూ చెవిలో, "ఇది బాగా గట్టిగా చదువు తమ్ముడూ" అన్నాను.

మనూకు మంచి గొంతు. విప్పాడు. "ఇయాకోపో ఇంటి ఆడపిల్ల వలాసి. ఇంగ్లీషు, ఏ," అన్నాడు. సంఘమంతా మెచ్చుకోలుగా "మాలో" అన్నది. "జీవశాస్త్రం, బీ." మాలో. "బైబిలు పరిచయం, ఏ." పాస్టరుగారు కూడా తల ఊపారు. "లెక్కలు, ఎఫ్."

అలవాటు ప్రకారం సంఘం దానికీ "మాలో" అన్నది. వెనక వరుసలో కుర్రవాళ్ళు నవ్వారు. నేను కూడా గట్టిగా "మాలో" అన్నాను, అందరికంటే గట్టిగా. పాటల బృందంలో వలాసి కీర్తనల పుస్తకం తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నది. తరువాతి పాట పాడింది. దాని గొంతు నాకు వినిపించలేదు.

4. భోజనాల దగ్గర సంగతి కూడా దాచను. రాళ్ళ పొయ్యి తెరిచి చేమదుంపలు వడ్డిస్తున్నారు. వలాసి కూర్చున్నది, తినలేదు.

"కవరు విప్పకూడదు నాన్నా," అన్నది.

"విప్పకపోతే లోపల ఏముందో ఎలా తెలుస్తుందే?"

"నీకు తెలియాలని రాలేదు అది. కాలేజీకి తెలియాలని వచ్చింది."

నా భార్య సలోటా చేమాకు కూర గిన్నె నా ముందు పెట్టి, "ఊరందరికీ తెలిసింది. ఇంక కాలేజీకి తెలియకపోతే ఏం, మనూ వెళ్ళి అక్కడ కూడా చదివి వస్తాడు," అన్నది.

వలాసి నవ్వలేదు. "ఎఫ్ అంటే తప్పినట్టు. అది నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా," అన్నది.

ఎఫ్ అంటే తప్పినట్టని నాకు తెలుసు, అయ్యా. ఎనిమిదో తరగతిలో నాకూ వచ్చింది. కాని ఆ ఆదివారం నాకు అక్షరాలు వినిపించలేదు, అది చదివిన చదువు మాత్రమే వినిపించింది. ఇది సమర్థింపు కాదు.

5. సోమవారం ఉదయం వలాసితో నేను కూడా తమ కార్యాలయానికి బస్సులో వచ్చాను. కిటికీ దగ్గర రూతా అనే అమ్మాయి కవరును తిప్పి చూసి, "ఇది ఓపెన్ చేశారు కదా, చెల్లదు అక్కా. లోపలి కాగితం ఎవరైనా మార్చి ఉండొచ్చు అంటారు పైవాళ్ళు," అన్నది. ఆ పిల్ల మర్యాదగానే చెప్పింది. కాని వెనక వరుసలో పిల్లలు నిలబడి విన్నారు. వలాసి "సరేనమ్మా" అని కవరు తీసుకొని సంచిలో పెట్టుకున్నది. ఫ్యాక్టరీలో ఇంత కాలం పనిచేసి ఒక్క చేప ఇంటికి తేనిది. దాని మీద దొంగ కాగితం అనుమానం నా వల్ల పడింది.

మళ్ళీ తెప్పించుకుందామంటే ఈ చదువు మొదలయ్యేలోపు రాదు. ఈసారి తప్పితే నర్సు చదువులో కొత్తవారిని మళ్ళీ రెండేళ్ళకు గాని తీసుకోరట. క్రెడిట్లు లేకపోతే చదివినదంతా మళ్ళీ మొదటినుంచి చదవాలట. అప్పటికి దాని వేళ్ళు ఎలా ఉంటాయో తెలియదు. ఐసులో పని.

6. మరునాడు నేను చేసిన పనిని తమరు ఎవరి ద్వారానో విని ఉంటారు. నేనే చెప్పడం మర్యాద. మన ఆచారం ప్రకారం పెద్ద తప్పు చేసినవాడు ఇంటి సన్ననేత చాపను తలమీద కప్పుకొని ఎదుటివారి వాకిట్లో కూర్చుంటాడు. ఎదుటివారు వచ్చి చాప తొలగిస్తేనే క్షమించినట్టు. నా తల్లి నేసిన చాప మా ఇంట్లో ఒకటున్నది. దానిని తీస్తుంటే సలోటా అడ్డం నిలబడి, "ప్రాణాలు తీసినవాళ్ళు కూర్చుంటారండీ అలా. మీరు తీసింది కవరు," అన్నది. నేను వినలేదు. తెల్లవారకముందే వచ్చి తమ గుమ్మం ఎదుట చాప కప్పుకొని కూర్చున్నాను.

చాప లోపల వేడిగా ఉంటుంది. బయట కాళ్ళ చప్పుళ్ళు వినిపిస్తుంటాయి. చివరికి రూతా గొంతు వినిపించింది.

"తాతా, రిజిస్ట్రారుగారు ఊళ్ళో లేరు. హొనొలులూలో మీటింగుకు వెళ్ళారు. లేవండి."

"ఆయన వచ్చి తీస్తే లేస్తాను."

"ఆయన వచ్చేది శుక్రవారం."

"అయితే నువ్వు తియ్యి తల్లీ, కార్యాలయం తరఫున."

"నాకు ఆ అధికారం లేదు తాతా. నేను కిటికీ దగ్గర కాగితాలు తీసుకునేదాన్ని. మంచినీళ్ళు తేనా?"

తెచ్చింది. చాప అంచు కింద నుంచి గ్లాసు లోపలికి జరిపింది. తాగాను. ఆచారంలో దానికి చోటున్నదో లేదో నాకు తెలియదు. లేని మనిషి గుమ్మం ముందు కూర్చోవడం కూడా ఆచారంలో ఉన్నదని నేను వినలేదు.

తరువాత రబ్బరు బూట్ల చప్పుడు వచ్చింది. చేపల వాసన వచ్చింది. ఎవరో చాపను ఎత్తారు, అంచులు చిరగకుండా, రెండు చేతులతో. వలాసి.

"తప్పు నా దగ్గర చేసి ఇక్కడ కూర్చున్నావేంటి నాన్నా?" అన్నది.

చాప మడతపెట్టి చంకన పెట్టుకొని నన్ను బస్సు దాకా నడిపించింది.

7. బస్సులో నేను, "కాగితం మార్చలేదని ఎలా నిరూపించాలే?" అని అడిగాను.

"మార్చేవాళ్ళమైతే ముందు ఏం మారుస్తాం నాన్నా?"

"ముద్రా?" అన్నాను.

"ఎఫ్," అన్నది. "అది అలాగే ఉంది కదా. మనూ చదివాడు, చర్చి అంతా విన్నది. అదే రాయి."

"నీకు తలవంపులు కదా."

"అయినవి ఎలాగూ అయ్యాయి. పనికొస్తే రానీ."

కావున తమకు మనవి: కవరు విప్పిన క్షణాన లోపల ఏమున్నదో మా సంఘమంతా చెవులారా విన్నది. పాస్టరుగారు, సెక్రటరీ మనూ, పాటల బృందం, వెనక నవ్విన కుర్రవాళ్ళతో సహా అందరూ సంతకాలు చేసిన కాగితాన్ని దీనికి జతపరిచాను. వారు విన్నదీ పత్రంలో ఉన్నదీ అక్షరం తేడా లేకుండా ఒకటే అని తమరు పోల్చి చూసుకోవచ్చును. తప్పిన లెక్కలకు క్రెడిటు మేము అడగడం లేదు. నెగ్గినవాటికే అడుగుతున్నాము.

8. పైది తమ నిబంధనలకు సరిపడకపోతే, ఆ గోదాము వారికి తమ కార్యాలయమే రాయవలెననీ, అక్కడినుంచి జవాబు వచ్చేదాకా ఆమెను క్లాసులో కూర్చోనివ్వవలెననీ రెండో మనవి. రెండూ కుదరకపోతే, కనీసం ఆమె పేరు పక్కన ఉన్న అనుమానం కొట్టివేసి, ఆ చోట నా పేరు రాయవలెను. అది సరైన చోటు.

9. తమ జవాబు నాకు వద్దు, వలాసికి పంపవలెను. పోస్టాఫీసు పెట్టె తాళంచెవి దాని చేతికి ఇచ్చివేశాను. మంచి జవాబైనా అది ముందు తాను చదువుకొని, తనకు ఇష్టమైనప్పుడు, ఇష్టమైతే, మాకు చెబుతుంది.

ఇదంతా తమరు ఓపికగా చిత్తగించి, తండ్రి తొందరకు కూతురిని శిక్షించకుందురని నమ్ముతూ,

తమ విధేయుడు, సిగ్గుపడుచున్నవాడు,
ఇయాకోపో,
లియోనే.

తాజా కలం: జవాబు 'సరే' అయితే, దయచేసి దానిని సోమవారం నాడు పంపండి. శుక్రవారం, శనివారం మాత్రం వద్దు. వలాసి చెప్పకపోయినా సలోటా ముఖం చూస్తే నాకు తెలిసిపోతుంది, వెంటనే ఆదివారం వచ్చేస్తుంది, చర్చిలో ప్రకటనల సమయం ఉంటుంది. సోమవారమైతే నా నోరు చల్లబడడానికి వారమంతా ఉంటుంది. అప్పటికీ చల్లబడుతుందని మాట ఇవ్వలేను.