ఖాళీ చేసిన చేను

ఏమండీ,

మీకు నమస్కారాలు. ఇక్కడ నేను, పాప, మీ తమ్ముడు కులాసాగానే ఉన్నాం. వేళకి తింటున్నానని మీరు రాస్తే నమ్మే రకాన్ని కాను గానీ, ఈసారికి నమ్మినట్టే ఉంటాను.

మీరు అడిగినవి ముందు చెప్తాను. వరదకి నానిన వెనకగది గోడ ఆరింది, కూలేలా లేదు. పాప జ్వరం తగ్గింది. బడికి పొమ్మంటే మాత్రం దగ్గు తెచ్చుకుంటోంది, అచ్చం మీ పోలికే. ఆవు ఒక్కపూటే పాలిస్తోంది.

ఇక పరిహారం సంగతి. అది మనకి రాదండీ. పంటనష్టం రాసుకోవడానికి వ్యవసాయాఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చింది. పాడైన పంట చేలో కళ్ళకి కనబడితేనే ఫొటో తీసి పేరు ఎక్కిస్తారట. మన చేలో దున్నిన నేల తప్ప ఏముంది?

"పంటేదక్కా?" అంది.

"తీసేశానమ్మా. అంత కంపులో మీరొచ్చి ఎలా నిలబడతారని..."

ఆ పిల్ల తల పట్టుకుంది. "నేనేమన్నా చుట్టపుచూపుకొచ్చానా అక్కా? ఇప్పుడేం చూసి రాయను?"

పాపం, ఒక్క కంకైనా దొరుకుతుందేమోనని గట్టు చుట్టూ తిరిగింది. దొరకలేదు. పక్క చేలవాళ్ళందరికీ రాసుకుని వెళ్ళిపోయింది.

శుభ్రం పిచ్చితో చేతికొచ్చే డబ్బు నేలపాలు చేసుకుందని ఊరంతా నవ్వుతోంది. మీ మేనత్తయితే మొహం మీదే అనేసింది. నేనూ నవ్వి ఊరుకున్నాను. మీకూ ఇదే రాసి ముగిద్దామనుకున్నాను గానీ, మీకు అబద్ధం రాయడానికి చెయ్యి రావడం లేదు.

పరిశీలన అయ్యేదాకా చేను ముట్టుకోవద్దని ముందే మైకులో చెప్పారు. నేను విన్నాను. తెలిసే తీయించాను.

మొక్కజొన్న వెంటనే కోసేయమని మీరు వెళ్ళేముందు మీ తమ్ముడికి చెప్పారు కదా. గింజ ఇంకాస్త ఎండనీ అని వాడు ఆగాడు. ఆ వారమే వరదొచ్చింది. అప్పట్నుంచీ తెల్లారితే చేలోనే. పడిపోయిన మొక్కల్ని లేపి నిలబెట్టేవాడు, కంకులకంటిన బురద తువ్వాలుతో తుడిచేవాడు. "లేరా, అన్నం తిందువుగాని" అంటే, "అన్నయ్య నాకప్పజెప్పి వెళ్ళాడొదినా" అని అదే మాట. ఒకరోజు కొట్టుగదిలో పురుగులమందు డబ్బా పట్టుకుని నిలబడున్నాడు. దేనికిరా అంటూ లాక్కుని పారబోశాను. మర్నాడే ట్రాక్టరు పిలిచి చేనంతా దున్నించేశాను.

ఇప్పుడు అన్నం తింటున్నాడు. నిన్న పాప మీద కేకలేశాడు కూడా.

ఆ డబ్బొస్తే విత్తనాలు కొనుక్కుని మీరు ఇంటికొచ్చేసేవారు. నా మూలాన ఇంకో పంటకాలం ఆ పట్నంలో, కట్టే మేడల కింద సెంట్రింగు చెక్కల మధ్యే పడుకోవాలి. పరిశీలన అయ్యేదాకా వాణ్ణి మీ అక్కగారింటికి పంపినా సరిపోయేదని ఇప్పుడు తోస్తోంది. అప్పుడు భయంలో ఏమీ తోచలేదు. అది తలుచుకునే రోజూ కుమిలిపోతున్నాను.

ఒక్కటే అడుగుతాను. వాడికి రాసేటప్పుడు నన్ను బాగా తిట్టి రాయండి. వదిన శుభ్రం పిచ్చి వల్లే డబ్బు పోయిందని వాడూ నమ్మాడు. నాతో మాట్లాడడం మానేశాడు. అలాగే ఉండనివ్వండి.

ఇట్లు,
మీరేమన్నా పడే
మీ భార్య