తెరమీది గర్భిణి

మంగళవారం, కోరాపుట్

మా నర్సింగ్ స్కూలు కంప్యూటర్లో ఏఐతో తయారుచేసిన కొండజాతి గర్భిణి ఒకామె ఉంది. మా విద్యార్థినులు సాధన కోసం కాన్పు ఆచారాలు అడిగితే తడుముకోకుండా చెప్పేస్తుంది. అంత సులువుగా చెప్పడమే నాకు మొదటినుంచీ అనుమానం.

ఈరోజు వార్డులో నా విద్యార్థిని సుజాత, నారాయణపట్న నుంచి వచ్చిన నిండుచూలాలిని ఆమె మామగారి ఎదుటే "కాన్పయ్యాక మాయ ఎక్కడ పాతిపెడతారు?" అని అడిగింది. ఆ నిండుచూలాలు ముఖం కప్పుకుంది. కాసేపటికి మంచం ఖాళీ.

"ఏటమ్మీ, మామగారి ముందర అడిగేవా?"

"కంప్యూటర్లో ఆవిడ అన్నీ సెప్పీసింది కదా మేడమ్!"

"ఆవిడ పక్కన మావ ఉన్నాడేటి?"

సుజాత ఏడ్చింది. వాళ్ళ ఊరి ఆశా కార్యకర్తకు ఫోన్ చేశాను, ఆ నిండుచూలాలు ఇంకా ఇల్లు చేరలేదట. తెరమీది ఆవిడ మాత్రం ఇంతవరకూ ఒక్కసారి కూడా లేచి వెళ్ళిపోలేదు.