పద్నాలుగో షరతు, నూకాలు గంప

ఫిషింగ్ హార్బర్ వీధి,
విశాఖపట్నం.

తూర్పుకెరటం సీఫుడ్స్ హెచ్.ఆర్. మేనేజరు గురునాథరావు గారికి సాయిదుర్గ నమస్కరించి రాయునది.

మీ మధురవాడ ఆఫీసులో నాకు డాక్యుమెంటేషన్ అసిస్టెంటు ఉద్యోగం ఇస్తూ మీరు పంపిన ఒప్పందం అందింది. చాలా సంతోషం. చివరి పేజీలో సంతకం పెట్టి నెలాఖరులోగా పంపమన్నారు. సందేహాలుంటే ఫోన్లో కాకుండా రాసి మాత్రమే అడగాలని కింద ఉంది కాబట్టి రాస్తున్నాను.

నేను మొదటి పేజీ నుంచీ చదివాను. మా అక్క మొగుడు కోటి బావ ఇంతకుముందు ఒక కంపెనీలో చేరుతూ చివరి పేజీ మాత్రమే చూశాడు. ఆయన డిగ్రీ సర్టిఫికెట్లు ఇప్పటికీ వాళ్ళ బీరువాలోనే ఉన్నాయి. తర్వాత పోర్టులో మంచి ఉద్యోగం వస్తే, చూపించడానికి కాగితాలు లేక పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి ఆయన కరెంటు బిల్లు వెనకవైపు కూడా చదువుతాడు.

మీ తొమ్మిదో షరతు కూడా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేయమంటోంది. చూపిస్తాను, జిరాక్సులు ఇస్తాను. ఒరిజినల్స్ మాత్రం మా ఇంట్లోనే ఉంటాయి.

అసలు చిక్కు పద్నాలుగో షరతు. ఉద్యోగి గానీ, కుటుంబ సభ్యులు గానీ సముద్ర ఉత్పత్తులను కొనడం, అమ్మడం, నిల్వ చేయడం, రవాణా చేయడం నేరుగా గానీ పరోక్షంగా గానీ చేయకూడదట. మా అమ్మ నూకాలు హార్బర్లో చేపల వ్యాపారం చేస్తుంది. నాన్న ఎల్లాజీ బోటు మీద వేటకు వెళతాడు. నేను సంతకం పెడితే వాళ్ళిద్దరూ ఏం చేయాలో తెలియజేయగలరు.

ఇట్లు,
సాయిదుర్గ

తా.క.: మా ఫ్రిజ్‌లో ప్రస్తుతం వంజరం చేప ముక్కలున్నాయి. అది నిల్వ కిందికి వస్తుందా? వచ్చేటట్టయితే ఈ పూటే పులుసు పెట్టేస్తాం.

*

మధురవాడ.

కుమారి సాయిదుర్గ గారికి,

మీ ఉత్తరం అందింది. ఈ కంపెనీలో ఇంతమందిని చేర్చుకున్నాను గానీ పద్నాలుగో షరతు గురించి అడిగినవారు మీరే మొదలు. అంతకుముందు పదమూడు షరతులు దాటి వచ్చినవారు కూడా మీరే మొదలనుకుంటాను.

మీ తల్లిగారు హార్బర్లో చేపల వ్యాపారంలో ఉన్నారనీ, మీ ఇంట్లో బోటు కూడా ఉందనీ తెలిసి మా యాజమాన్యం కొంత కలవరపడింది. పోటీ సంస్థ కుటుంబానికి చెందినవారికి మా ఎగుమతి కాగితాలు అప్పగించవచ్చా అన్నది ప్రశ్న. కాబట్టి మీ తల్లిగారి సంస్థ పేరు, సిబ్బంది, శీతల గిడ్డంగి సామర్థ్యం, సరుకు వెళ్ళే ప్రాంతాలు వెంటనే రాయండి. ముంబయి హెడ్డాఫీసులోని లీగల్ విభాగానికి పంపాలి.

భవదీయుడు,
గురునాథరావు

తా.క.: పులుసు విషయం కూడా లీగల్ వారినే అడిగాను. జవాబు వచ్చేదాకా ఫ్రిజ్ తలుపు తీయకపోవడం మంచిది.

*

ఫిషింగ్ హార్బర్ వీధి.

గురునాథరావు గారికి నమస్కారములు.

మీరడిగిన వివరాలు అమ్మను కూర్చోబెట్టి రాస్తున్నాను.

సంస్థకు పేరంటూ లేదు. అందరూ నూకాలు గంప అంటారు. సిబ్బంది మా అమ్మ, తోడుగా తాయారు పిన్ని. తెల్లారకముందే వేలం పాటలో చేపలు కొని, ఇద్దరూ కలిసి ఒక ఆటోలో వెళతారు. శీతల గిడ్డంగి ఒక థర్మాకోల్ పెట్టె, మూత కాస్త విరిగింది. సరుకు స్టీల్ ప్లాంటు వాళ్ళ ఇళ్ళుండే ఉక్కునగరం సెక్టార్లన్నిటికీ వెళుతుంది. నైట్ షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు అమ్మ కేక వినే తలుపు తీస్తారు.

బోటు మాది కాదు. నాన్న దానిమీద పనిచేస్తాడు. ఆ బోటు తెచ్చే రొయ్యల్లో ఎక్కువ భాగం మీ కంపెనీయే కొంటుంది. పద్నాలుగో షరతు ప్రకారం నాన్న వేట మానేస్తే మీరు ఎగుమతి చేయడానికి ఏం మిగులుతుందా అని ఆయన దిగులుపడుతున్నాడు.

తొమ్మిదో షరతు గురించి మీరేమీ రాయలేదు. మరిచిపోయారనుకుని మళ్ళీ గుర్తుచేస్తున్నాను.

ఇట్లు,
సాయిదుర్గ

తా.క.: మీ ఉత్తరం చదివి వినిపిస్తే అమ్మకు పోటీ సంస్థ అన్న మాట బాగా నచ్చింది. వేలం దగ్గర అందరికీ చెప్పుకుంది. ఇప్పుడు తాయారు పిన్ని తనను మేనేజరు అనమంటోంది.

*

మధురవాడ.

సాయిదుర్గ గారికి,

చెప్పడానికి ఇబ్బందిగా ఉంది గానీ చెప్పక తప్పదు. మీ ఉత్తరాన్ని ఇంగ్లీషులోకి మార్చి ముంబయి పంపాను. లీగల్ వారు గంపా అనే పేరు కంపెనీల రిజిస్టర్లన్నిటిలో వెతికారు. ఎక్కడా దొరకలేదు. అనుమతి లేకుండా నడుస్తున్న సంస్థ కాబట్టి ఇంకా ప్రమాదమని తేల్చారు. ఉక్కునగరం సెక్టార్లన్నిటికీ సరఫరా అన్న మాటను ఫ్యాక్టరీ క్యాంటీన్ల కాంట్రాక్టుగా అర్థం చేసుకున్నారు. ఆ కాంట్రాక్టు మన కంపెనీకి ఎందుకు రాలేదని మా సేల్స్ వారిని సంజాయిషీ కూడా అడిగారు.

చివరికి ఒక హామీపత్రం పంపారు. గంపా గ్రూపు కార్యకలాపాలన్నీ ఆపేస్తున్నానని మీ తల్లిగారు సంతకం చేయాలట. అప్పుడే మీ నియామకం. ఆ పత్రం దీనితో జతచేశాను. శుక్రవారం దాటితే మీ ఉద్యోగం వేరొకరికి వెళుతుంది. సర్టిఫికెట్ల సంగతి ఆ తర్వాతే మాట్లాడతామన్నారు.

భవదీయుడు,
గురునాథరావు

తా.క.: ఇది నా సొంత మాట. గంప అంటే ఏమిటో నాకు తెలుసు. వాళ్ళకు ఫోన్లో చెప్పాను, మెయిల్లో రాశాను, చివరికి గంప ఫొటో పంపాను. దాన్ని చూసి ప్యాకేజింగ్ యూనిట్ అని రాసుకున్నారు.

*

ఫిషింగ్ హార్బర్ వీధి.

గురునాథరావు గారికి,

హామీపత్రం అమ్మకు పూర్తిగా చదివి వినిపించాను. ఆవిడ అంతా విని, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. తర్వాత చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఆ కంపినీ పుట్టకముందు నుంచీ నాను సేపలమ్ముతన్నాను. పోటీకొచ్చింది నాను కాదు, ఆళ్ళు. సంతకం ఎవులైనా పెట్టాలంటే ఆళ్ళే పెట్టాల."

నాన్న మాత్రం నన్ను పక్కకు పిలిచి సంతకం పెట్టేయమన్నాడు. కాగితం మీద ఏముంటే ఏం, ఆ కంపెనీ వాళ్ళు వచ్చి గంప లాక్కుంటారా అన్నాడు. రేపు ఆ కంపెనీకి నా మీద కోపం వస్తే సరిగ్గా ఆ కాగితమే బయటికి తీస్తుందని చెప్పాను. కోటి బావ కూడా అప్పుడు అలాగే అనుకున్నాడు. నాన్న వెళ్ళి వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు.

మా ఇంట్లో ఇప్పటివరకు నెల జీతం అన్నది ఎవరికీ రాలేదు. సముద్రం ఇచ్చిన రోజు ఉంటుంది, లేని రోజు లేదు. కాబట్టి ఈ ఉద్యోగం నాకు ఎంత కావాలో మీకు వేరే చెప్పక్కరలేదు. అయినా తొమ్మిది, పద్నాలుగు షరతులు ఉన్న కాగితం మీద నేను సంతకం పెట్టను. నన్ను చదివించింది ఆ గంపే. దాన్ని దించమని నేను రాసివ్వలేను.

ఆ రెండూ తీసేస్తే సోమవారం ఉదయం మీ ఆఫీసులో ఉంటాను, పని బాగా చేస్తాను. తీయకపోతే, ఇన్నాళ్ళు ఓపిగ్గా జవాబులు రాసినందుకు మీకు కృతజ్ఞతలు.

ఇట్లు,
సాయిదుర్గ

తా.క.: హామీపత్రం వెనకవైపు ఖాళీగా ఉందని తాయారు పిన్ని దానిమీద ఐసు లెక్క రాసింది. అందుకే తిప్పి పంపలేకపోతున్నాను.

*

మధురవాడ.

అమ్మా సాయిదుర్గా,

మీ ఉత్తరాన్ని ఆఫీసు నుంచి ఇంటికి తీసుకెళ్ళాను. మీ షరతులు నా ఒప్పందంలో కూడా ఉన్నాయేమో చూద్దామని అటక మీంచి దాన్ని దింపాను. పెట్టిన సంతకం నాదే గానీ, చదవడం అదే మొదలు. పద్నాలుగో షరతు అక్షరం తేడా లేకుండా ఉంది.

మా ఆవిడ మధులత రొయ్యల పచ్చడి అమ్ముతుంది. మధురవాడ అపార్టుమెంట్లలో సగం మంది ఆవిడ ఖాతాదారులే. కొనడం, అమ్మడం, నిల్వ, రవాణా, నాలుగూ ఉన్నాయి. ఆ రవాణా చేసేది స్కూటర్ మీద నేనే. ఒప్పందం ఆవిడకు చూపించి, పచ్చడి కొన్నాళ్ళు ఆపగలవా అని అడిగాను. "సంతకం పెట్టింది మీరు. ఉద్యోగం మానేయండి" అంది.

తెల్లారి మా ఎం.డి. అర్జునరావు గారి గదిలోకి వెళ్ళి అంతా చెప్పేశాను. నా సంగతితోపాటు మీ అమ్మగారి మాట కూడా చదివి వినిపించాను. ఆయన మెల్లగా, "మా బావమరిదికి రొయ్యల చెరువులున్నాయి కదయ్యా" అన్నారు. వెంటనే ముంబయికి ఫోను చేసి ఈ షరతు ఎక్కడిదని నిలదీశారు. తేలిందేమిటంటే, లీగల్ వారు ఒక వజ్రాల కంపెనీ ఒప్పందం తీసుకుని, వజ్రాలు అన్నచోటల్లా సముద్ర ఉత్పత్తులు అని మార్చారట.

పద్నాలుగో షరతు మీకే కాదు, అందరికీ తీసేశాం. తొమ్మిదోదీ పోయింది. మా బీరువాలో ఉన్న ఉద్యోగుల సర్టిఫికెట్లు ఈ ఉదయం ఎవరివి వారికి తిరిగి ఇచ్చేశాం. అకౌంట్స్ గుమస్తా తన పదో తరగతి ఫొటో చూసుకుని తానేనా అని అడిగాడు.

సోమవారం వచ్చి చేరండి. కొత్త ఒప్పందం బల్ల మీద పెట్టి ఉంచుతాను. తొందర లేదు, చదువుకునే సంతకం పెట్టండి.

మీ శ్రేయోభిలాషి,
గురునాథరావు

తా.క.: ఎలాగూ తీశాను కదా అని నా ఒప్పందం చివరిదాకా చదివాను. ఇరవై రెండో షరతు ప్రకారం నాకు ప్రతి ఏడూ భార్యతో కలిసి కంపెనీ ఖర్చు మీద విహారయాత్ర ఉందట. ఇన్నేళ్ళుగా ఒక్కసారీ అడగలేదు. నిన్న అడిగాను, కాదనడానికి ఎవరికీ దారి దొరకలేదు. ఆదివారం అండమాన్ ఓడ ఎక్కుతున్నాం. మీరు వచ్చేసరికి నా కుర్చీ ఖాళీగా కనబడితే, పచ్చడి కోసం ఉద్యోగం మానేశాననుకోకండి.