పద్దెనిమిది ఇళ్ల బీపీ

జులై 9, బుధవారం

గౌరవనీయులైన అక్కగారికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెట్టడం పద్ధతే కానీ, మీ చెల్లెలు క్షేమంగా లేదు కాబట్టి ఆ మాట దాటేస్తున్నాను. నేనెవరో మీకు తెలియదు. ఎయిడ్స్ రోగుల్ని ఇళ్లకు వెళ్లి చూసుకునే బృందంలో పనిచేస్తాను. మీరు ఫోనెత్తడం లేదు, అందుకే ఈ ఉత్తరం.

మీ చెల్లెలి వీధిలో నన్ను బీపీ అక్క అంటారు. మొదటిరోజు తను తలుపు సందులోంచే, నువ్వు మా ఇంటికొక్కదానికే వస్తే అందరికీ తెలిసిపోతుంది, వెళ్లిపో అంది. నేనూ మొండిదాన్నే. బీపీ మిషను సంచిలో వేసుకుని ప్రతి బుధవారం పద్దెనిమిది ఇళ్లూ తిరగడం మొదలుపెట్టాను. పదిహేడు ఇళ్లలో బీపీ, ఒక్క ఇంట్లో అసలు పని. ఎదురింటి మెకానిక్ గారి బీపీ ఎంతో ఆయన భార్యకన్నా ఇప్పుడు నాకే బాగా తెలుసు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన దెప్పుతుంటారు. ఈ ఒక్క గుట్టు మాత్రం కడుపులోనే దాచుకున్నాను.

నోటిపూతకి ఉప్పునీళ్లు పుక్కిలింపించడం, వీపు పుండ్లు పడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టడం, గంజి తాగించడం, మాత్రలు వేయించడం. ఇదీ నా పని. మార్చికల్లా లేచి కూర్చుంది. కుట్టుమిషను ముందుకు జరిగి, నీ జాకెట్టు ఎవరు కుట్టారమ్మా, చంక దగ్గర ఇంత ఘోరమా అని నన్నే తిట్టి, విప్పి మళ్లీ కుట్టిపెట్టింది.

పోయిన నెల మీ కబురు వచ్చింది. ఈ జబ్బు సంగతి ఆ వీధికి తెలిస్తే నా కూతురికి సంబంధాలు రావు, ఆ గుమ్మం తొక్కను అన్నారట. మొన్న దిండు కింద పది మాత్రలు దొరికాయి. ఇదేమిటని అడిగితే, అక్కే రానప్పుడు బతికి ఎవరికి చూపించాలి అంది. నాకు కోపం, ఏడుపు రెండూ వచ్చాయి. మాత్రలు వేసుకుంటే ఏళ్లకేళ్లు బతుకుతుంది, మానేస్తే ఈ ఏడు దాటదని డాక్టరుగారు తేల్చి చెప్పారు.

పక్కన కూర్చున్నా, చెయ్యి పట్టుకున్నా, ఒకే కంచంలో తిన్నా ఇది అంటుకోదు. ఎంత చేసినా నేను పరాయిదాన్నే కదండీ. ఒక్క పూట రండి. మీరు వచ్చినది, తన జబ్బు సంగతి, రెండూ వీధిలో ఎవరికీ తెలియనివ్వనని మాట ఇస్తున్నాను.

ఇట్లు,
మీ చెల్లెల్ని చూసుకునే మనిషి

తా.క. కాగితం మడిచాక మనసొప్పక మళ్లీ విప్పాను. పైన ఇచ్చిన మాట అబద్ధం. ఈ ఉదయం మిషను గొట్టం చిరిగి గాలెక్కలేదు. అయినా పట్టీ చుట్టి, మూలింటి పెద్దమ్మకి నూట ముప్పై అని చెప్పేశాను. గాలెక్కకుండానే నూట ముప్పయ్యా అని ఆవిడ నవ్వింది. ఆ అమ్మాయి సంగతి వీధిలో అందరికీ మొదటినుంచీ తెలుసట. నువ్వు ఒక్క ఇంటికే వస్తే పిల్ల తలెత్తుకోలేదని మేమంతా బీపీకి చెయ్యి చాపుతున్నాం, దానికి మాత్రం చెప్పకు అంది. మీరెందుకు రావడం లేదో కూడా వాళ్లకు తెలుసు. ఏ రోజు వస్తారో ముందుగా చెబితే, ఆ పూట పదిహేడు ఇళ్లవాళ్లూ తలుపులు వేసుకుంటారట, మిమ్మల్ని ఎవరూ చూడకుండా. ఏ రోజో రాయండి.