నెలవారీ ప్లానే తీసుకున్నానక్కా

భీమవరం,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కా,

చెల్లెలు కృష్ణవేణి నీకూ బావగారికీ నమస్కారాలు చెప్పి రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ మీరంతా బాగున్నారని రోజూ ఫోనులో వింటూనే ఉన్నా, ఉత్తరం కాబట్టి మళ్ళీ అడుగుతున్నాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? కొట్లో ఎక్కువసేపు నిలబడవద్దని చెప్పు. నువ్వు బీపీ మాత్ర వేళకి వేసుకుంటున్నావా? హారిక పొద్దున్నే లేచి చదువుకుంటోందా?

ఇంట్లో ఫోనుంది, కంప్యూటర్లో ముఖాలు కనబడుతున్నాయి, ఇంకా ఈ ఉత్తరమేంటి అనుకుంటావు. ఫోనులో నువ్వు మాట్లాడుతుంటే హారిక నీ భుజం మీద గడ్డం ఆనించి వింటుంది. కంప్యూటరైతే ముగ్గురం ఒక్కచోటే. నీ ఒక్కదానికే చెప్పాల్సిన మాటకి నాకు ఇంకో దారి దొరకలేదు. దాన్ని బడికి పంపించాక చదువు. బావగారికి తర్వాత నువ్వే చెబుదువుగాని.

ముందు నా సంగతులు. ఉద్యోగం బాగుంది. రొయ్యల ప్లాంటంటే నువ్వు భయపడ్డావు గానీ, నేను రొయ్యలు ఒలిచే చోట ఉండను. ల్యాబులో ఉంటాను. ఎప్పుడో పెళ్ళికి ముందు చదివి మరిచిపోయిన బీఎస్సీ ఇన్నాళ్ళకి పనికొచ్చింది. వచ్చిన సరుకులోంచి కాస్త తీసి, గాజు పళ్ళాల్లో పెట్టి, క్రిములేమైనా పెరిగాయా అని చూసి రాయడం నా పని. లోపల చలి. తెల్లకోటు, తలకి టోపీ, కాళ్ళకి గమ్‌బూట్లు. నిమ్మచెక్క పెట్టి ఎంత రుద్దుకున్నా చేతుల వాసన మాత్రం పోదు. ఇంటికొస్తే ఉక్కపోత. వాన వెలిసినా గాలిలో తడి పోదు, ఆరేసిన చీర మర్నాటికీ చల్లగానే ఉంటుంది. బోరు నీళ్ళు ఉప్పన. తాగడానికి డబ్బా నీళ్ళు తెప్పించుకుంటున్నాను. ఒక్కదానికి వండుకోవడం మాత్రం ఇంకా చేతకాలేదు. పొద్దున్న వండింది రాత్రికి కూడా మిగులుతోంది. ఇంటివారు సుభద్రగారు వారానికి రెండుసార్లైనా ఏదో ఒక కూర పంపిస్తారు. మనిషి మంచిది. నాకేమీ లోటు లేదు, నువ్వు బెంగపెట్టుకోకు.

ఆ సుభద్రగారి దగ్గరే మొదలైంది ఇదంతా.

శ్రావణంలో ఆ రోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆవిడ వీధి అరుగు మీదే నిలబడి ఉన్నారు. మా ప్లాంటులో సెల్‌ఫోన్లు గేటు దగ్గరే పెట్టేయాలని నీకు తెలుసు. ఇంటి వెనక నా గదిలో సిగ్నలు అందదు. అందుకని నువ్వు వాళ్ళింటి ఫోనుకి చేశావు. నీ తప్పేం లేదు. ఆవిడ నవ్వుతూ, "శుభవార్తండీ కృష్ణవేణిగారూ, మీ అమ్మాయి పెద్దమనిషయ్యిందంటండి" అన్నారు. చేతిలో పంచదార పెట్టారు. నోట్లో వేసుకున్నాను. నా కూతురి సంగతి నాకంటే ముందు దాని ముక్కూమొహం తెలియని మనిషికి తెలిసింది. నేను ఆవిడకి థాంక్స్ చెప్పాను.

నిడదవోలు వచ్చి రైలు మారి మర్నాడు తుని చేరేసరికి నువ్వు దాన్ని కూర్చోబెట్టేశావు. చాప మీద నీ గంధం రంగు పట్టుచీర చుట్టుకుని కూర్చుంది. నువ్వు చిమ్మిలి ఉండలు చేసి తినిపిస్తున్నావు. నన్ను చూసి నవ్వింది. నవ్వి, సిగ్గుపడి, మొహం తీసుకెళ్ళి నీ ఒళ్ళో దాచుకుంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మా ఆయన పోయాక రెండేళ్ళు మమ్మల్నిద్దర్నీ కడుపులో పెట్టుకుని చూసింది నువ్వు. పదో తరగతి మధ్యలో బడి మారకూడదని దాన్ని నీ దగ్గర వదిలి వచ్చింది నేను. ఇదంతా నాకు తెలుసు. అయినా ఆ క్షణం నా మనసులో ఏమనుకున్నానో చెబుతాను, కోప్పడు. నా పిల్లతో తన ఇల్లు నింపుకుంది అనుకున్నాను. కన్నది నేనైతే సంబరం తనది అనుకున్నాను. నీకు ఎక్కడ గుచ్చుకుంటుందో తెలిసే అనుకున్నాను.

తిరిగి రాగానే సొంతంగా ఫోను పెట్టించుకోవాలని టెలిఫోన్ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ కౌంటర్లో ఒకాయన మూడు రకాల కాగితాలు ఇచ్చారు. ఒకటి ఉత్త ఫోను. మాట్లాడుకోవడానికి కాల్స్ ఎక్కువ. రెండోది ఫోనూ బ్రాడ్‌బ్యాండూ కలిపి. కాల్స్ తక్కువ, నెట్ కూడా నెలకి ఇంతే అని లిమిటు. మూడోది ఈ రెండోదే, కాకపోతే ఏడాదికి ఒకేసారి తీసుకోవాలి. అలా తీసుకుంటే మోడెం వాళ్ళే ఇస్తారు, లిమిటు కూడా పెంచుతారు. కాగితాలు ఇంటికి తెచ్చుకుని వారం రోజులు చదివాను. గొంతు ఎక్కువసేపు వినడమా, కాసేపే అయినా ముఖం చూడడమా అని తేల్చుకోలేకపోయాను. చివరికి నిన్నే అడిగాను, గుర్తుందా? నువ్వు ఏమీ ఆలోచించకుండా, "ఏడాదికి తీసేసుకోవే. పాప ఎలాగూ ఇక్కడే ఉంటుంది కదా" అన్నావు.

ఆ 'ఎలాగూ' దగ్గర నాకు ఒళ్ళు మండింది. నువ్వు మంచికే అన్నావు. ప్లానులో ఏది లాభమో అదే చెప్పావు. కానీ మర్నాడు కౌంటర్లో ఆయన, "ఏడాదిది రాసేయమంటారా అండి? అందరూ అదే తీసుకుంటున్నారు" అంటే, నెలవారీదే రాయమన్నాను. "మోడెం అద్దెకి తీసుకోవాలండి మరి, నష్టం కదండీ" అన్నారాయన పాపం. ఫరవాలేదన్నాను. సంక్రాంతిలోపు మా అమ్మాయి నా దగ్గరికి వచ్చేస్తుందండీ, అప్పుడు ఈ నెట్‌తో నాకు పనిలేదు అని కూడా అన్నాను. ఎవరూ అడగకుండానే అన్నాను. ఆ మాట మొదట విన్నది ఆయనే. నీకూ చెప్పలేదు, హారికకీ చెప్పలేదు.

నీకు మాత్రం ఏడాది ప్లాను ఇప్పుడు ఇవ్వడం లేదట అని అబద్ధం చెప్పాను.

లైన్‌మన్ వచ్చి వైరు లాగి, మోడెం బిగించి వెళ్ళాడు. ప్లాంటు ఆఫీసులో తీసేసిన కంప్యూటరొకటి నాకిచ్చారు. మీ ఇంటి కంప్యూటరుకి ఉన్నట్టే కెమెరా కొనుక్కొచ్చి పెట్టుకున్నాను. ఆ మొదటి సాయంత్రం నేను స్నానం చేసి, మంచి చీర కట్టుకుని కూర్చున్నాను, నమ్ముతావా? హారిక ముఖం ముక్కలు ముక్కలుగా వచ్చింది. ముందు నుదురు, తర్వాత కళ్ళు. పెదవులు కదిలాక ఎప్పటికో మాట వినబడేది. అయినా అదే, నా పిల్లే. వెనక నువ్వు నిలబడి దాని జడ వేస్తున్నావు. క్వార్టర్లీలో లెక్కలకి ఎన్నొచ్చాయని దాన్ని అడిగాను. అది నోరు తెరిచేలోపు నువ్వు చెప్పావు. దగ్గు తగ్గిందా అని అడిగాను. అదీ నువ్వే చెప్పావు. అది నాతో మాట్లాడుతూనే, వెనక్కి చూడకుండానే తల నీ పొట్టకి ఆనించేసింది. చిన్నప్పుడు నేను జడ వేస్తుంటే అది ఎప్పుడూ అలా ఆనుకోలేదక్కా. కదలకుండా కూర్చోవే అని నేను జెల్లకాయ కొట్టేదాన్ని.

చెయ్యి చాపి మోడెం వైరు పీకేశాను. తర్వాత ఫోన్ చేసి నెట్ పోయిందన్నాను. ఆ వారంలో అలా మూడుసార్లు పోయింది. మూడుసార్లూ పీకింది నేనే. నువ్వు నిజమే అనుకుని బావగారితో చెప్పావు, ఆయన నన్ను ఇక్కడ కంప్లయింటు ఇవ్వమన్నారు. ఇచ్చాను. లైన్‌మన్ మళ్ళీ వచ్చి స్తంభం ఎక్కి, దిగి, నా గదిలో అంతా చూసి, "లైన్ శుభ్రంగా ఉందండి, ఎక్కడా ఏ లోపమూ లేదండి" అన్నాడు. చెమటలు కారుతున్న ఆ మనిషికి మజ్జిగ ఇచ్చి, తలెత్తకుండా నిలబడ్డాను.

అయినా బుద్ధి రాలేదు. మా వీధి చివరి హైస్కూలుకి వెళ్ళి హెడ్‌మిస్ట్రెస్‌గారిని కలిశాను. పదో తరగతి మధ్యలో ఎందుకమ్మా అని ఆవిడ చాలా చెప్పి చూశారు. నేను పట్టుబట్టాను. సరే, టీసీ తీసుకొస్తే చేర్చుకుంటానన్నారు. ఇక హారికకి చెప్పడమే మిగిలింది. మొన్న కార్తీక సోమవారం మీరిద్దరూ వ్రతానికి అన్నవరం వెళ్ళారు చూడు, అది స్పెషల్ క్లాసులున్నాయని ఇంట్లోనే ఉండిపోయింది. ఆ సాయంత్రం కావాలనే చేశాను. కంప్యూటర్ కాదు, ఫోనే. నువ్వు లేనప్పుడు చేశానని ఒప్పుకుంటున్నాను.

ఇక్కడికి వచ్చెయ్యమ్మా, బడి కూడా చూశాను అన్నాను. లైన్ పోయిందేమో అనుకున్నాను, ఈసారి నిజంగా. తర్వాత నెమ్మదిగా అంది.

"వస్తానమ్మా. నువ్వు రమ్మంటే వస్తాను. కానీ పెద్దమ్మకి నువ్వే చెప్పు. నేను చెప్పలేను."

ఎందుకు చెప్పలేవు, నేను నీ అమ్మనే కదా అన్నాను. నా గొంతు నాకే బాగాలేదు.

"నువ్వు ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ పెద్దమ్మ నన్నడుగుతుందమ్మా, మీ అమ్మ రమ్మందా అని. రోజూ అడుగుతుంది. లేదు పెద్దమ్మా అంటే అప్పుడు వెళ్ళి పొయ్యి వెలిగిస్తుంది."

ఇది విని నాకు ముందు ఏమనిపించిందో దాచను. సంతోషం వేసింది. నువ్వు కూడా నాకు భయపడుతున్నావని, నాలో రగిలేదే నీలోనూ రగులుతోందని, కడుపు చల్లబడినట్టయింది. ఫోన్ పెట్టేసి అన్నం పెట్టుకున్నాను. రెండు ముద్దలు తిన్నాక ఇంక దిగలేదు. కెమెరా ముందు నువ్వు దాని వెనకే ఎందుకు నిలబడతావో, అడిగినదానికల్లా ముందే నువ్వెందుకు జవాబు చెబుతావో అప్పుడు తెలిసింది. మనిద్దరి మధ్య అది రోజూ జవాబులు వెతుక్కుంటోంది. దానికి లెక్కల పరీక్షే చాలదా?

మర్నాడు హెడ్‌మిస్ట్రెస్‌గారి దగ్గరికి వెళ్ళి ఇప్పుడు చేర్చడం లేదని చెప్పేశాను. మంచి పని చేశావమ్మా అన్నారు. మంచితనమేమీ కాదని ఆవిడకి తెలియదు.

అది పదో తరగతి నీ దగ్గరే రాస్తుంది. పబ్లిక్ పరీక్షల దాకా దాన్ని కదపను. పరీక్షలయ్యాక మాత్రం నేను వచ్చి తీసుకొస్తాను. ఇంటర్ ఇక్కడే. ఇది నిన్ను అడగడం లేదక్కా, చెబుతున్నాను. నీ దగ్గర అది సుఖంగా ఉందనే నా బాధ అని కూడా చెబుతున్నాను. అక్కడ కష్టపడుతుంటే నేను ఇంత కుళ్ళుకునేదాన్ని కాదు. నీకు ఇల్లు బోసిపోతుందని తెలుసు. ఆ ఇంట్లో మళ్ళీ మీ ఇద్దరి గొంతులే మిగులుతాయని తెలుసు. దానికి నా దగ్గర మందు లేదు. సెలవులకి పంపిస్తాననడం తప్ప ఇంకేం అనాలో తోచడం లేదు. నువ్వు చేసినదానికి థాంక్స్ కూడా రాయను, రాస్తే ఇక్కడితో చెల్లు అన్నట్టుంటుంది.

ఒక్క చిన్న కోరిక. కెమెరాలో కనబడ్డప్పుడు మొదటి కాసేపు నన్నూ దాన్నీ వదిలెయ్యి. దానికి నాతో చెప్పడానికి ఏమీ లేకపోయినా ఫరవాలేదు, ఊరికే చూసుకుంటాం. తర్వాత నువ్వు రా. జడ నువ్వే వెయ్యి, వెనక్కి ఆనుకోనీ. నేను చూడగలిగినంతసేపు చూస్తాను. చూడలేకపోతే చూడలేకపోతున్నానని చెబుతాను గానీ వైరు పీకను.

ఈసారి ఎవరైనా ఇటు వస్తుంటే కాసిన్ని మాగాయ ముక్కలు పంపు, ఇక్కడివి నాకు నచ్చడం లేదు. చలి మొదలవుతోంది, హారికకి ఆవిరి పట్టించు. నా గురించి దిగులు పడకు, నేను బాగానే ఉన్నాను. బావగారికి, పక్కింటి పిన్నిగారికి నా నమస్కారాలు. హారికకి ముద్దులు. ఈ ఉత్తరం చదివి నన్ను తిట్టుకున్నా సరే, నాకు నీ దీవెన మాత్రం కావాలి.

మళ్ళీ ఫోన్ చేస్తాను. పెట్టేశాక దాన్ని ఏమీ అడగకక్కా. రమ్మన్నాను. జవాబు నేనే రాశాను కదా.

నీ చెల్లెలు,
కృష్ణవేణి