దూడకు మాత్రమే దక్కిన సూది

ఒరాటిలే వాళ్ల నాన్నా,

బూట్లు మందునీళ్లలో ముంచకుండా దొడ్లోకి వెళ్లకు. మౌన్ పట్నం నుంచి పశువుల డాక్టరమ్మ వచ్చి దూడలకు గాలికుంటు సూదులు వేసింది. ఒకటి టీకా, ఇంకోటి వైరస్‌ను అడ్డుకునే ప్రొటీనట. టీకా పనిచేసేదాకా అదే కాపలా కాస్తుందట. అందాకా వాటిని బయటికి వదలకు. సంకటి కుండలో ఉంది.

మా అమ్మ ఇచ్చిన ఎర్రావుకీ ఆ ప్రొటీన్ వేయమని బతిమాలాను. "నోట్లో పుళ్లు లేచాక ఇదేం చేస్తుందమ్మా? ముందే పిలవాల్సింది" అంది. పిలుద్దామని నేనంటే, "చొంగ కారితే రోగమేనా?" అని నవ్వింది నువ్వే. రోగం మిగతావాటికి పాకకూడదని మధ్యాహ్నం సర్కారువాళ్లు దాన్ని తీసుకెళ్లి తుపాకీతో కాల్చేశారు. మెడ మీద చెయ్యేసి గేటుదాకా నేనే నడిపించాను.

డాక్టరమ్మతో కలిసి పక్క దొడ్లవాళ్లకు చెప్పడానికి వెళ్తున్నాను. వాళ్లయినా ముందే పిలుస్తారు.

బొనోలో

ఎర్రావు దూడ నా చేత్తో పాలు తాగలేదు. నువ్వు పట్టి చూడు. తాగకపోతే కసురుకోకు, కాసేపు దాని పక్కన కూర్చో.